వాడికేం కావాలి?

(నాటక శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు కాస్త ముందుకు రండమ్మా, ఇక్కడ చాపల మీద చోటుంది.

నన్ను నటన గురించి మాట్లాడమని పిలిచారు. నేను కథలు కూడా రాస్తాను కాబట్టి రెండూ కలిపి మాట్లాడతానని నిర్వాహకులతో ముందే చెప్పాను. నాకు ఆ రెండు పనులూ ఎప్పుడూ వేరుగా అనిపించలేదు. రెండిట్లోనూ మనం కాని మనిషి దగ్గరికి వెళ్లి, వాడి పక్కన కూర్చుని, వాడు చూసేవైపు చూడాలి. ఆ చూపు కుదిరితే వేషమూ నిలబడుతుంది, కథా నిలబడుతుంది.

ముందు స్థానం నరసింహారావు గారి దగ్గర మొదలుపెడతాను. 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి నాటకరంగంలో పెరిగారు. సత్యభామ, చిత్రాంగి, చింతామణి, మధురవాణి... ఈ ఆడవేషాలన్నీ ఆయన వేసినవే. చీర కట్టు, నడక, చెయ్యి తిప్పడం, ఇవి బాగా అభ్యాసం చేస్తే చాలామందికి వస్తాయి. ఒక ఆడమనిషికీ ఇంకో ఆడమనిషికీ తేడా చూపించడం దగ్గరే అసలు పరీక్ష. చిత్రాంగికి కావలసింది సత్యభామకు అక్కర్లేదు. చింతామణి ఇల్లు వేరు, ఆమె భయాలు వేరు. అందరికీ ఒకటే వయ్యారం పెడితే జనం ఒక్క నాటకం చూసి ఊరుకునేవాళ్లు. స్థానం వారిని మళ్లీ మళ్లీ చూశారు.

శ్రీకృష్ణతులాభారం నాటకాన్ని ముత్తరాజు సుబ్బారావు గారు రాశారు. అందులో సత్యభామ పాడే 'మీరజాలగలడా' పాటను మాత్రం స్థానం వారే రాసుకున్నారు. నేను ఇక్కడికి వచ్చింది ఈ సంగతి మీకు చెప్పడానికే అనుకోండి. భర్తను తన మాట దాటకుండా చేసుకోవాలని సత్యభామ వ్రతం పట్టింది. ఆ ధీమా, ఆ గర్వం, దాని కింద ఉన్న బెంగ, మూడూ ఒకేసారి పలకాలి. ఆమెకు కృష్ణుడు ఉన్నాడు, చాలదు. కృష్ణుడు తన మాట జవదాటడని అందరి ముందూ తేలాలి. ఆమెకేం కావాలో అంత కచ్చితంగా పట్టుకున్న నటుడికి, ఆమె ఇక్కడ ఏం పాడుతుందో కూడా తెలిసిపోయింది. నటుడు అక్కడ రచయిత అయ్యాడు. మధ్యలో గోడ ఏమీ లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు రచయిత వైపు నుంచి నటుడి వైపు వచ్చిన సంగతి ఒకటి. ఇది రష్యాలో జరిగింది. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్లు రష్యన్ రచయిత చెహోవ్ రాసిన 'సీగల్' నాటకం వేశారు. అందులో త్రిగోరిన్ అని ఒక రచయిత పాత్ర ఉంది, పేరున్న రచయిత. నీనా అనే అమ్మాయి అతన్ని చూసి మనసు పారేసుకుంటుంది. ఆ వేషం స్టానిస్లావ్‌స్కీ వేశాడు. నటన నేర్చుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వినే పేరే అది. పేరున్న రచయిత, ఆడపిల్ల ప్రేమించిన మనిషి అనుకుని తెల్లటి సూటు వేసుకుని దర్జాగా కనిపించాడు. చెహోవ్ చూసి, బాగా చేస్తున్నారు గానీ నేను రాసిన మనిషి ఇతను కాడన్నాడు. మరి ఎలా ఉంటాడని అడిగితే పెద్ద వివరణేమీ ఇవ్వలేదు. గళ్ల ప్యాంటు, చిల్లులు పడ్డ బూట్లు అని ఊరుకున్నాడు.

ఆ చిల్లుల బూట్ల అర్థం స్టానిస్లావ్‌స్కీకి వెంటనే తట్టలేదు. తర్వాత ఎప్పటికో తెలిసిందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. నీనా ప్రేమించింది త్రిగోరిన్‌ని కాదు, తన ఊహలో ఉన్న పెద్ద రచయితని. ఎదురుగా ఉన్న మనిషి చిరిగిన బూట్లు వేసుకున్న మామూలువాడు. అది ఆ పిల్లకు కనబడదు, మనకు కనబడుతుంది. నాటకంలోని దుఃఖమంతా ఆ ఎడంలోనే ఉంది. నటుడు అందంగా తయారై వస్తే ఆ ఎడం పూడిపోతుంది.

చెహోవ్ డాక్టరు. రోగి గదిలోకి వస్తుండగానే నడక చూసి, గోళ్లు చూసి, చెప్పులు చూసి సగం సంగతి తెలుసుకునే అలవాటు ఆ వృత్తిలో ఉంటుంది. నటుడికి పాత్ర మనసు గురించి ఉపన్యాసం ఇస్తే ఏం చేసుకుంటాడు? బూట్లు ఇస్తే వేసుకుని నడుస్తాడు. నడిచాక వాడికే తెలుస్తుంది.

మన భరతముని కూడా చెప్పింది ఈ దారే. విభావం, అనుభావం, వ్యభిచారి భావం, వీటి కలయికలో రసం పుడుతుందన్నాడు. కారణం చూపించు, శరీరం మీద దాని గుర్తు చూపించు, మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు చూపించు. స్తంభించిపోవడం, చెమట పట్టడం, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు... ఈ సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో దాదాపు అన్నీ ఒంటి మీద కనిపించేవే. 'ఆమె చాలా బాధపడింది' అని కథలో రాసే మిత్రులకు నేను ఇదే చెబుతాను. బాధ అనే మాట కొట్టేసి, ఆ క్షణంలో ఆమె చేతులు ఏం చేస్తున్నాయో రాయండి. రాయలేకపోతే ఆమె మనకు ఇంకా తెలియలేదన్నమాట.

ఇక్కడ నటన కంటే రచనలో కష్టం ఎక్కువ. గురజాడ వారి కన్యాశుల్కంలో నేను లుబ్ధావధాన్లు వేషం వేస్తే, నాకు ఆ ముసలి పెళ్లికొడుకు ఒక్కడు తెలిస్తే చాలు. అతని కూతురు మీనాక్షి సంగతి మీనాక్షి వేసే అమ్మాయి చూసుకుంటుంది. గురజాడ వారికి ఆ వెసులుబాటు లేదు. ఆయన ఒక వాక్యంలో లుబ్ధావధాన్లు అవ్వాలి, వెంటనే రామప్పంతులు అవ్వాలి, తలుపు చాటున ఉన్న మనిషి కూడా ఆయనే కావాలి. అందరినీ మోయాలి, ఒక్కరి పక్షం కూడా మాట జారకూడదు. నటుడు నాటకం అయ్యాక రంగు కడుక్కుని ఇంటికి పోతాడు. నవల రాసేవాడు ఆ మనుషుల్ని నెలల తరబడి వెంట తిప్పుకుంటాడు.

కన్యాశుల్కం మాట వచ్చింది కాబట్టి కొంచెం నిదానిస్తాను. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ వారు దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి ప్రచురించారు. మొదటి కూర్పు పీఠికలో విశాఖ మండలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల లెక్క ప్రస్తావిస్తారు. మూడేళ్లలో వెయ్యికి పైగా పెళ్లిళ్లు. అందులో అయిదేళ్లు నిండని పసిపిల్లలు కూడా ఉన్నారు. ఆ లెక్క చదివితే గుండె ఆగినట్టవుతుంది, అయినా అది లెక్కే. బుచ్చమ్మ వచ్చి మాట్లాడాక ఆ వెయ్యిమందిలో ఒకరి గొంతు మనకు వినపడింది. చిన్నకూతురు సుబ్బి పెళ్లి మాటలు ఇంట్లో నడుస్తుంటే తల్లి వెంకమ్మ పడే తల్లడం చూశాక అంకెలకు ముఖాలు వచ్చాయి. సంస్కరణ కోసం రాస్తున్నాను కదా అని ఆయన ఆ పిల్లల తండ్రి అగ్నిహోత్రావధాన్లను రాక్షసుణ్ని చేసి వదిలేయలేదు. వాడికి వాడి న్యాయం ఉంది, కోర్టు వ్యాజ్యాలు ఉన్నాయి, పౌరుషం ఉంది. వాడి నోట వాడి మాటే పెట్టారు.

గిరీశం, మధురవాణి. ఈ ఇద్దరి గురించి నేను చాలా ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. ఆ నాటకంలో ఎదుటి మనిషిని చదవడంలో వాళ్లిద్దరి తర్వాతే ఎవరైనా.

గిరీశం కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇంటికి వెళ్తాడు. పరాయి ఇల్లు, ఇంటాయనకు ఇతన్ని చూస్తేనే మంట. కాసేపట్లో ఆ ఇంట్లో ఎవరికేం కావాలో కనిపెట్టేస్తాడు. వెంకమ్మకు, గిరీశం దగ్గర చదువుకునే తన కొడుకు ఇంగ్లీషు చదువు వృథా పోలేదన్న నమ్మకం కావాలి. ఒక్కసారి ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడండి బాబూ అని ఆవిడ అడుగుతుంది. గురువూ శిష్యుడూ కలిసి 'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' మొదలుపెడతారు. మనం నవ్వుతాం. కానీ ఆ తల్లి ముఖం ఊహించండి. అవధాన్లుకు వ్యాజ్యం కాగితాలు అర్థం చేసుకుని చెప్పే మనిషి కావాలి, అదీ ఇస్తాడు. బుచ్చమ్మకు, ఆ చిన్న వయసు వితంతువుకు, తన బతుకు ఇంకోలా కూడా ఉండొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. అదీ చెబుతాడు. ఎవరి ఆకలి ఎక్కడుందో అంత బాగా తెలుసుకుని, ఆ తెలివితోనే అందరినీ మోసం చేస్తాడు.

వేశ్య మధురవాణికి ఉన్నదీ ఆ తెలివే. మగవాళ్ల మనసు చదవకపోతే ఆమెకు రోజు గడవదు. రామప్పంతులు బడాయి ఎంతవరకో, లుబ్ధావధాన్లు పిరికితనం ఎంతవరకో ఆమెకు అణా పైసలతో సహా తెలుసు. ఆ తెలివిని చివరికి ఒక మనిషిని కేసు నుంచి తప్పించడానికి వాడుతుంది. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. అంటే నటిస్తుంది.

అందుకే ఎదుటివాడి మనసు తెలుసుకోవడం దానంతట అదే పుణ్యం అని నేను అనలేను. కథలు చదివితే, నాటకాలు వేస్తే మనుషులు మంచివాళ్లయిపోతారని సభల్లో తేలిగ్గా అనేస్తుంటాం. ఎదుటివాడి బలహీనత తెలియనివాడు పెద్ద మోసం చేయలేడు. ఆ శక్తిని పెంచుకునే శిక్షణే మనమందరం ఇక్కడ తీసుకుంటున్నాం, దాన్ని ఎటు తిప్పుతామో మన చేతుల్లోనే ఉంది. గురజాడ వారు ఒకే శక్తిని ఇద్దరి చేతికిచ్చి ఒకే నాటకంలో నడిపించారు. ఈ విషయం మీద ఇంతకంటే లోతుగా ఎవరైనా చెప్పినట్టు నాకు తెలియదు.

మీకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. మా బృందంలో ఒక నాటిక వేశాం. అందులో డైలీ ఫైనాన్స్ కలెక్షన్ కుర్రాడి పాత్ర ఉంది. కూరగాయల బళ్ల దగ్గర రోజువారీ అప్పు వసూలు చేసే మనిషి. మా కుర్రాడు రిహార్సల్లో గట్టిగా అరుస్తూ, కళ్లెర్రజేస్తూ చేస్తున్నాడు. విలన్ కదా సార్ అన్నాడు. పొద్దున్నే మార్కెట్‌కి పోయి, ఏమీ అడక్కుండా, ఫోన్ తీయకుండా, టీ తాగుతూ చూసి రమ్మన్నాను.

తిరిగొచ్చి చెప్పిన వివరాలు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ మనిషి బండి దిగడు. ఇంజను ఆపడు. ఒక కాలు నేల మీద ఉంటుంది. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన చిన్న పుస్తకం, డబ్బు తీసుకుని అందులో టిక్కు పెడతాడు. 'అమ్మా' అని తప్ప ఎవరినీ పేరుతో పిలవడు. ఒక ముసలమ్మ ఈరోజు బేరం లేదు నాయనా అంటే అరవలేదు. అలాగే నిలబడ్డాడు. ఇంజను మోగుతూనే ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు ఆ బండిని చూసి పక్క బండికి పోతున్నారు. ఆమె చివరికి పక్కామె దగ్గర చేబదులు తీసుకుని ఇచ్చింది. అప్పుడు వాడికి ఫోన్ వచ్చింది. వాడి గొంతు మారిపోయింది. 'ఇంకా నాలుగు బళ్లున్నాయన్నా, అయిపోతుందన్నా, పొద్దెక్కేలోపు కట్టేస్తానన్నా' అని బతిమాలుతున్నాడు. తక్కువ పడితే వాడి జీతంలో కోస్తారట. టీకొట్టాయన చెప్పాడు.

మరుసటి రిహార్సల్లో మావాడు అరవడం మానేశాడు. మాట మామూలుగా వచ్చింది, కాలు మాత్రం ఊపుతూ ఉన్నాడు. ముసలమ్మ పాత్ర వేసిన ఆవిడ నాటిక అయ్యాక నాతో అంది, సార్, ఇంతకుముందు భయం నటించాను, ఇవాళ నిజంగానే వేసింది అని. చూసినవాళ్లకు వాడి మీద జాలి కలిగిందా అంటే, కొందరికి కలిగింది. కోపం మాత్రం ఎవరికీ తగ్గలేదు. పైగా ఆ కోపం వాడి దగ్గర ఆగకుండా ఫోన్ అవతల ఉన్న 'అన్న' దాకా పోయింది. పాత్రను అర్థం చేసుకుంటే దాన్ని వెనకేసుకొచ్చినట్టవుతుందని భయపడే వాళ్లుంటారు. అర్థం చేసుకున్నాకే నేరం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

చాసో గారి 'ఎంపు' కథ చదవనివాళ్లు చదవండి. ముష్టెత్తుకునే పిల్లకు సంబంధం కుదర్చడం. ఆమె మనసు కుంటివాడి మీద ఉంటే తండ్రి గుడ్డివాణ్ని చేసుకోమంటాడు. ఎవరికి రాబడి ఎక్కువ, ఎవరితో ఉంటే బతుకు నిలుస్తుంది అని వాళ్ల లెక్కలు వాళ్లు వేసుకుంటారు. ఆ ముసలాయన మాటలు మన ఇళ్లలో ఉద్యోగం, ఇల్లు, పొలం చూసి సంబంధం మాట్లాడే పెద్దల మాటల్లాగే ఉంటాయి. చాసో ఎక్కడా అయ్యో పాపం అనలేదు. అని ఉంటే మనం పైన నిలబడి కిందికి చూసేవాళ్లం.

ఇంకో రకం మనుషుల్ని కూడా గుర్తు చేసుకోవాలి. బళ్లారి రాఘవ గారు వృత్తిరీత్యా న్యాయవాది. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో న్యాయవాది. ఒకరు మహానటుడు, ఒకరు మహారచయిత. కోర్టు వరండాలో కూర్చుంటే మనుషులు తమ కథను తామే చెప్పుకుంటారు. ఒకే సంఘటన వాది నోట ఒకలా, ప్రతివాది నోట ఇంకోలా వినపడుతుంది. రావిశాస్త్రి కథల్లో సారా కేసుల్లో ఇరుక్కున్న పేదవాళ్లు, పోలీసులు, గుమాస్తాలు ఎవరి యాసలో వాళ్లు మాట్లాడతారంటే ఆ వరండాల్లో విన్న చెవి పుణ్యమే.

నటుడికి నిజంగా ఏడుపు రావాలా, అక్కర్లేదా అని మీలో కొందరు అడుగుతుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో దిదెరో అనే ఆయన, గొప్ప నటుడికి లోపల చల్లగా ఉండాలని వాదించాడు. స్టానిస్లావ్‌స్కీ మొదట్లో నటుడి సొంత జ్ఞాపకాల నుంచి భావం తోడుకోమన్నాడు, తర్వాతి రోజుల్లో చేతల మీదికి మళ్లాడు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. శిక్షణ పొందిన నటుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ప్రశ్నలు అడిగారు. ఒకసారి తమలాగే జవాబివ్వాలి, ఇంకోసారి రోమియోగానో జూలియట్‌గానో జవాబివ్వాలి. పాత్రలో ఉన్నప్పుడు, తన గురించి తాను ఆలోచించుకునేటప్పుడు పనిచేసే మెదడు ముందు భాగాల్లో చురుకు తగ్గింది. కొద్దిమంది మీద చేసిన పరిశోధనే, దాని మీద కోటలు కట్టొద్దు. కానీ స్టేజీ ఎక్కినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. 'నేను' కాస్త పక్కకు జరుగుతుంది. జరుగుతుందే గానీ పోదు. లైటు ఎక్కడ పడుతుందో, ఎదుటి నటుడు డైలాగు మర్చిపోయాడో లేదో చూస్తూనే ఉంటుంది. పూర్తిగా మునిగిపోతే పక్కవాడి మెడ నిజంగానే నులిమేస్తాం. కన్నీళ్లు వస్తే రానివ్వండి. వచ్చాయా లేదా అని మాత్రం చూసుకోవద్దు, చూసుకున్న క్షణంలో మీరు పాత్రను వదిలి మీ దగ్గరికి వచ్చేసినట్టే.

ఒక కష్టమైన సంగతి మిగిలింది. ఎంత బాగా అర్థం చేసుకున్నా ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడటంలో ఒక హద్దు ఉంది. స్థానం వారి నటన గొప్పదే. అదే కాలంలో చాలా నాటక సమాజాల్లో ఆడవాళ్లకు చోటు లేకపోవడమూ నిజమే. సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్లు అప్పటికే వేషాలు వేస్తున్నారు. బళ్లారి రాఘవ గారు స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి చదువుకున్న ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చారు. తనతో సమంగా నటించగల మగవాళ్లు లేక కాదు కదా. అలాగే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి దళితుల బతుకు మీద మాలపల్లి రాశారు, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నవలను నేను తల మీద పెట్టుకుంటాను. తర్వాత దళిత రచయితలు తమ వాడల గురించి తామే రాసినప్పుడు, ఎంత ప్రేమ ఉన్నా బయటివాడికి వినపడని మాటలు అందులో ఉన్నాయి. చూసే మనిషి ఎంత దగ్గరికి వెళ్లినా ఆ ఇంటివాడు కాడు. కాబట్టి పరాయి బతుకు గురించి రాయొద్దని నేను చెప్పను, రాయండి. ఆ ఇంటివాళ్లు రాసింది ముందు చదవండి. రాశాక వాళ్లకు చూపించండి, కాదంటే వినండి.

టైం అవుతోంది, నిర్వాహకులు చూస్తున్నారు. ఇప్పుడు మన శిబిరం పిల్లలు కన్యాశుల్కం నుంచి అవధాన్లు ఇంట్లో జరిగే రంగం చదువుతారు. గిరీశం చదివే అబ్బాయికి ఒకటే చెప్పాను, నవ్వించాలని చూడొద్దు, వెంకమ్మను నమ్మించాలని చూడు అని. బుచ్చమ్మ చదివే అమ్మాయి నిన్న సాయంత్రం వచ్చి, సార్, ఈ రంగంలో నాకు మాటలు తక్కువ, మిగతా సేపు ఏం చేయాలి అని అడిగింది. వాళ్లు మాట్లాడుకుంటుంటే బుచ్చమ్మకు ఏం కావాలనిపిస్తుందో రాసుకుని రమ్మన్నాను. రెండు పేజీలు రాసింది. నాకు చూపించబోతే వద్దన్నాను. ఆ పిల్ల కూర్చునే తీరులో తెలుస్తుందేమో మీరే చూడండి. చదవడం అయ్యాక ప్రశ్నలు తీసుకుందాం. రండమ్మా.